సూరత్‌లో పొద్దుల చిట్టీ

చీరల పురమాయింపులు

సూరత్ వెళ్తున్నానని భీమవరంలో పక్కింటావిడ ఒక్కదానికే చెప్పాను. తెల్లారేసరికి వీధి వీధంతా మా వరండాలో ఉంది. ఒకావిడకి ఆకుపచ్చ జార్జెట్టు కావాలి, అంచు వెడల్పుగా ఉండాలి. ఇంకొకావిడకి రాళ్ల చీర కావాలి, కానీ రాళ్లు మరీ మెరవకూడదు. ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన దాన్ని. సూరత్ అనగానే నాకు పాత రేవు, కోట, తపతీ నది గుర్తొస్తాయి. "అక్కడ కోట కూడా ఉందండీ" అన్నాను. "ఉండనివ్వండి. రంగు మాత్రం పోకుండా చూసి తీసుకోండి" అంది పక్కింటావిడ.

అక్కడ మా చెల్లెలు శారద ఉంటుంది. మా మరిదిగారు ఆ ఊరి పక్కనే హజీరాలో ఓ పెద్ద ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా రాలేదని అది ఫోన్లో ఎంత సాధించినా నేను కదల్లేదు. చలికాలంలో వస్తే పోంక్ అనే పదార్థం దొరుకుతుంది, తినిపిస్తానంది. టికెట్టు కొన్నాను. తిండి కోసం వెళ్లానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

రైల్లో ఎదుటి బెర్తుల మీద సిరిసిల్ల వైపు కుటుంబం ఒకటి ఉంది. ఆ ఇంటావిడ నా పులిహోర తిని, తన జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు నాకు పెట్టింది. ఆ తొక్కు దెబ్బకి రెండు స్టేషన్ల దాకా నా నోరు మూతపడలేదు. నోరు కాస్త చల్లబడ్డాక, సూరత్‌లో మనవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. "ఏం మాట అమ్మా! మా ఊర్ల కన్న గక్కడనే ఎక్కువున్నం" అందావిడ. మగవాళ్లు మరమగ్గాల మీద పనిచేస్తారట, ఆడవాళ్లు ఇంట్లో కూచుని చీరలకు రాళ్లు అతికిస్తారట. నేను అన్నేళ్లు చెప్పిన పుస్తకాల్లో ఈ సంగతి ఎక్కడా లేదు.

అడాజన్

అడాజన్ పేటలో మా చెల్లెలి అపార్టుమెంట్లో లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా భజన వినిపిస్తుంది. మొదటి రోజు టిఫినుకి లోచో తెప్పించింది. ఢోక్లా చేయబోయి చెడగొట్టినట్టుందే అన్నాను. అది పుట్టింది కూడా అలాగేనట. మా ఇంట్లో ఉప్మా ఆ అవతారంలో దిగితే పారబోస్తాం. వీళ్లు దాని మీద వెన్న, సేవ్, ఉల్లిపాయలు చల్లి ప్లేటు అరవై రూపాయలకి అమ్ముతున్నారు. రెండు ప్లేట్లు తిన్నాను. పప్పులో బెల్లం వేయడాన్ని మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఎదురు ఫ్లాట్లో జశుబెన్ ఉంటుంది. అరవై దాటిన గుజరాతీ ఆవిడ, పెద్ద గొంతు, నిండు చెయ్యి. నాకొచ్చిన బడి హిందీలోనే మాట్లాడుకునేవాళ్లం. "రేపు చెకప్‌కి వెళ్తున్నాం, మీరూ రండి" అని, మనవైపు అన్నవరం వెళ్దాం రండి అన్నంత తేలిగ్గా పిలిచింది.

ఆ సొసైటీ ఆడవాళ్లు ప్రతి చలికాలం అందరూ కలిసి ఓ ప్రైవేటు ఆస్పత్రిలో క్యాన్సర్ పరీక్షలన్నీ చేయించుకుంటారు. గుంపుగా వెళ్తే తగ్గింపు. ఆస్పత్రి వాళ్లే ఏసీ బండి పంపుతారు, అన్నీ అయ్యాక నాస్తా పెడతారు. జశుబెన్ ఆ చలికాలం అప్పటికే కూతురితో ఓసారి వెళ్లి చేయించుకుందట. ఇప్పుడు మళ్లీ ఎందుకమ్మా అని డాక్టరమ్మ అడిగితే, సరే, అయితే నాస్తాకి కూచుంటానంది.

నా సంగతి చెప్పాలి. భీమవరంలో ఎవరైనా ఈ పరీక్షల మాటెత్తితే పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లిపోయేదాన్ని. శారద నాకు చెప్పకుండా నా పేరు రాయించేసింది. బయటికి వెళ్లాలంటే నేను మెడకీ చంకలకీ పౌడరు దట్టంగా కొడతాను, అది నా చిన్నప్పటి అలవాటు. లోపల నర్సు నన్ను చూసి ఆగిపోయింది. పౌడరుంటే రొమ్ము ఫొటోలో చుక్కల్లా పడుతుందట. తడిగుడ్డ చేతికిచ్చి తుడుచుకోమంది. తుడుచుకొచ్చాక ఇంకా ఉందని మళ్లీ పంపింది. మూడోసారి తనే దగ్గరుండి, గోడకి వెల్ల గీకినట్టు గీకింది. తర్వాత మిషను. అప్పడాలు నొక్కే చెక్కలో పిండిముద్ద పాట్లేమిటో నాకు ఆ రోజు తెలిసింది. నొప్పి ఒక్క నిమిషమే, నా కేక మాత్రం చాలాసేపు నడిచింది. బయట అంత్యాక్షరి ఆడుకుంటున్న వాళ్లు పాట ఆపేశారని తర్వాత చెప్పారు.

గర్భసంచి ముఖద్వారానికి చేసే పరీక్ష కూడా ఆ పూటే అయిపోయింది. అక్కడే జిలేబీ తిన్నాను, మధ్యాహ్నం నిద్ర వేళకి ఇంట్లో ఉన్నాను. ఏమీ లేదని మర్నాటికల్లా శారద ఫోన్లోకి రిపోర్టులు వచ్చాయి. ఇంత చిన్న పనికా ఇన్నేళ్లు పాలు పొంగించాను అనుకున్నాను.

రింగ్ రోడ్డు

రింగ్ రోడ్డు చీరల మార్కెట్లో తెల్ల పరుపుల మీద కూచోబెట్టి, టీ ఇచ్చి, చీరలు విప్పి గుట్టపోస్తారు. మనం ఒకటి వేలు పెట్టి చూపిస్తే, ఒక్కటి అమ్మం, కట్ట తీసుకోవాలంటారు. కట్టలో అన్నీ ఒకే డిజైను, రంగులే వేరు. కట్ట కొన్నాను. ఈ లెక్కన మా వీధి ఆడవాళ్లందరూ పేరంటానికి బడి యూనిఫారంలో వచ్చినట్టే వస్తారు.

ఇంటికొచ్చి విప్పితే ఒక చీరకి రాళ్లు రాలుతున్నాయి. దానికి ఊరి చివర భేస్తాన్‌లో మనిషి ఉందంది శారద. సుగుణ అని, సిరిసిల్ల దగ్గరావిడ. శారద చీరలన్నిటికీ ఫాల్స్ కుట్టేది ఆవిడేనట.

భేస్తాన్

భేస్తాన్ చేరుతూనే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది, ఇక ఆగదు. సన్నటి గల్లీ, రెండు వైపులా వరస గదులు. ప్రతి గుమ్మంలో ఒక ఆడమనిషి కాళ్లు చాపుకుని, మోకాళ్ల మీద చీర పరుచుకుని, చేతిలో గమ్ము ట్యూబుతో కూచుంది. ఎవరూ తల ఎత్తలేదు. గల్లీ మొదట్లో ఉన్న పోశవ్వ మాత్రం ఎత్తింది. లావుపాటి మనిషి, నెరిసిన జుట్టు, నుదుట బొట్టు చోట ఓ చీరరాయి అంటించుకుని ఉంది. "ఎవ్వలు కావాలె?" అని పోలీసులా అడిగి, నేను టీచర్నని తెలిశాక ఇక పేరుతో పనిలేకుండా టీచరమ్మా అని పిలిచింది.

సుగుణ నలభై దాటిన సన్నటి మనిషి. మేం తీసుకెళ్లిన పోంక్ పొట్లం విప్పి పకపకా నవ్వింది. "గిది ఊచబియ్యం గదా! మా చేను కాడ ఊకెనే తిన్నం. గీడ పైసల్ పెట్టి కొంటరా?" లేత జొన్న కంకుల్ని కాల్చి రాల్చిన గింజలే అవి. వాటి కోసం భీమవరం నుంచి వచ్చానని నేను చెప్పలేదు.

టీ తాగుతూ మా చెకప్ యాత్ర గొప్పగా వర్ణించాను. గల్లీ అంతా విన్నారు. "గా మిషన్ల పెట్టి ఒత్తిచ్చుకున్నవా టీచరమ్మా? పైసలిచ్చి మరి?" అంది పోశవ్వ. గుమ్మాలన్నీ నవ్వాయి.

ఇక్కడ మున్సిపాలిటీ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చూస్తారు కదా, ఎవరూ వెళ్లలేదా అని అడిగింది శారద.

"నర్సమ్మ ఇంటింటికి తిరిగి చెప్పింది. బుధవారం బుధవారం చూస్తరంట, పైసల్ వద్దంట" అంది సుగుణ. "గని ఎట్ల పోవాలె అమ్మా? మూట వస్తది గదా."

ఆ మూట సంగతి అప్పుడు తెలిసింది. దినేశ్‌భాయ్ అనే ఆయన పొద్దున ఆటోలో చీరల మూటలు తెస్తాడు, చీకటి పడకముందు తీసుకెళ్తాడు. గుమ్మంలో మనిషి లేకపోతే ఆ మూట పక్క గుమ్మంలో దించుతాడు. మర్నాడు కూడా అక్కడే దించుతాడు. ఒక్క పొద్దు లేచి వెళ్తే పని చెయ్యి జారినట్టే. అందుకని ఆ గల్లీలో ఆడవాళ్లు పగలు జ్వరమొచ్చినా గుమ్మంలోనే పడుకుంటారు. "పరీక్షకు పైసల్ వద్దు గని, పొద్దంత పోతది గదా" అంది పోశవ్వ.

చీర వెలుతురులో చూస్తానని సుగుణ నన్ను లోపలికి పిలిచింది. అక్కడ వెలుతురే లేదు. తలుపు దగ్గరగా వేసి, నా చెయ్యి పట్టుకుని రొమ్ము పక్కన ఆనించింది. "గీడ జర గట్టిగ తలుగుతాంది. గదేనా అక్కా?"

నా వేళ్లకి శనగగింజంత తగిలింది. ఎన్నాళ్ల నుంచని అడిగాను. వానకాలం నుంచట. మొగుడికి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. "పెండ్లిల సీజన్ నడుస్తాంది. మూటలు మస్తు వస్తున్నయ్. అయిపోనీ, పోత."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియక సుగుణ మీదే అరిచాను. "పెళ్లిళ్లేమైనా నీ కోసం ఆగుతాయా? ఈ బుధవారం నువ్వు వెళ్తున్నావ్. నీ గుమ్మంలో నేను కూచుంటాను."

"మీరా?" అంది, అంత భయంలోనూ నవ్వొచ్చి.

బుధవారం

శారద ఒక గుమ్మం ఒప్పుకుంది. జశుబెన్‌కి సంగతి చెబితే, నేనెందుకు రాకూడదని దిండు, థర్మాసు, మెంతికూర థేప్లా రొట్టెల డబ్బాతో తయారైంది. మూడు గుమ్మాలకు ముగ్గురం కుదిరాం కాబట్టి సుగుణతో ఇంకో ఇద్దరు వెళ్లగలిగారు. పోశవ్వ రానంది. "నాకేం రోగం? గుండ్రాయి లెక్కున్న. మీకు పని నేర్పుటానికి ఒక మనిషి ఉండాలె గదా" అని కూచుంది.

మూట వచ్చేలోపు, ముందురోజు మిగిలిన చీరల మీద పోశవ్వ పని నేర్పింది. చూడ్డానికి సులువు. చీర మీద నెమలి గీత ఉంటుంది, గీత వెంట గమ్ము చుక్కలు పెట్టాలి, చుక్క మీద రాయి పెట్టాలి. నేను పెట్టిన రాయి చీరకి తప్ప అన్నిటికీ అంటుకుంది. కళ్లజోడు సర్దుకోబోతే ముక్కు మీద ఒకటి మిగిలింది. జశుబెన్ సగం నెమలి పూర్తిచేసి, లేవబోయి, సొంత చీర దానికి అంటుకుపోయిందని గమనించింది. శారద గమ్ము ముట్టకుండా ఫోన్లు మాట్లాడుతూ గడిపేసింది. పోశవ్వ నా నెమలిని అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది బాతు. టీచరమ్మా, నీ బడిల పిల్లలు ఎట్ల పాసైండ్రు?"

అంతలో దినేశ్‌భాయ్ ఆటో వచ్చింది. వరసగా మూడు గుమ్మాల్లో బంగారు గాజుల ఆడవాళ్లు దిళ్లేసుకుని కూచున్నారు. ఆయన ముఖం పాలిపోయింది. జశుబెన్‌కి ఏ వస్తువు కనబడినా ధర అడిగే అలవాటు. చీర పైకెత్తి, ఇది అతికించినందుకు వీళ్లకెంత ఇస్తున్నావు, ఇంతేనా అని గద్దించింది. నాకు గుజరాతీ రాదు. ఏం మాట్లాడాలో తెలియక, పరీక్ష హాల్లో తిరిగేటప్పటి ముఖం పెట్టుకుని ఆయన్నే చూస్తూ కూచున్నాను.

వేరే సేఠ్ ఇళ్ల ఆడవాళ్లం స్వయంగా దిగి తన పనివాళ్లను లాక్కోవడానికి వచ్చామనుకున్నాడట పాపం. సూరత్‌లో తప్ప ఇంకెక్కడా ఎవరికీ ఈ అనుమానం రాదు. పక్కకు వెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు. తిరిగొచ్చి, చీరకి రూపాయి పెంచుతున్నానని గల్లీ అంతా వినేలా ప్రకటించి, మాకు టీ తెప్పించి, ఒక్కో గుమ్మంలో ఒకటికి రెండు మూటలు దించి వెళ్లాడు. జశుబెన్‌కి మీసం లేదు గానీ ఉంటే మెలేసేది. నేను రెండో మూట చూసి ఏడవలేక నవ్వాను.

పొద్దువాలుతుండగా వాళ్లు తిరిగొచ్చారు. మిగతా ఇద్దరికీ ఏమీ లేదన్నారు. సుగుణని మాత్రం సర్కారు పెద్ద ఆస్పత్రికి వెళ్లమన్నారు. ఒకరోజు ఫొటో తీస్తారు. తర్వాత ఇంకోరోజు సూది పరీక్ష. దాని ఫలితానికి మళ్లీ ఇంకోరోజు. "ఇంక ఎన్ని పొద్దులు పోవాలె?" అంది సుగుణ. ఆవిడ మనసులో గడ్డ కంటే ఆ ప్రశ్నే పెద్దదిగా ఉంది. నాకు ఒక్క పూటలో, ఒక్క భవనంలో, జిలేబీతో సహా అయిపోయిన పని ఇది. సుగుణ కూచుని నేను అతికించిన రాళ్లు ఒక్కొక్కటే పీకి మళ్లీ పెట్టడం మొదలుపెట్టింది.

"నేను మళ్లీ వస్తాను" అన్నాను.

"వద్దు తల్లీ, నువ్వు కూసుంటే మాకు డబల్ పని" అంది పోశవ్వ. తర్వాత గల్లీ వైపు తిరిగి గొంతు పెంచింది. "పైసల చిట్టీ ఏస్తలేమా మనం? గట్లనే పొద్దుల చిట్టీ ఏద్దాం. తలా ఒక పొద్దు. పోయినదాని గుమ్మంల ఒకతి కూసోవాలె, దాని మూట దాని పేరు మీదనే ముగియాలె. ముందుగాల సుగుణ ఎత్తుకుంటది."

ఎందుకని ఎవరూ అడగలేదు. పన్నెండేళ్లుగా ఒకే గోడ పక్కన కూచున్నవాళ్లు, ముఖం చూస్తే తెలుస్తుందేమో. జశుబెన్ తనూ చేరతానంది. రోజూ రాలేను కాబట్టి డబ్బిస్తానంది. పోశవ్వ చెయ్యి అడ్డం తిప్పేసింది. "పైసల్ వద్దు బెన్. పొద్దు కావాలె."

డుమాస్

సూది పరీక్ష అయి ఫలితం కోసం చూస్తున్న రోజులవి. నా టికెట్టు వెనక్కి జరిపించాను. ఆదివారం మూట రాదు కాబట్టి సుగుణని, పోశవ్వని డుమాస్ సముద్రానికి తీసుకెళ్లాం. ఇసక నల్లగా ఉంటుంది. మాకు సముద్రమంటే మొక్కజొన్న పొత్తులు, వీళ్లకి టమాటా భజియా. టమాటా ముక్క మీద పచ్చడి రాసి పిండిలో ముంచి వేయిస్తారు, నోట్లో పెట్టుకుంటే నాలుక కాలుతుంది. కంగారు పుడితే నాకు ఆకలేస్తుంది. మూడు ప్లేట్లు తిన్నాను.

సుగుణ ఒక్కటీ తినలేదు. "ఏమన్న ఉంటే మా ఆయనకు మీరు చెప్పకుండ్రి అక్కా. నేనే చెప్త" అంది. ఏమీ ఉండదన్నాను. నాకెలా తెలుసని అడక్కుండా తల ఊపింది.

తిరిగొచ్చేటప్పుడు పోశవ్వ నా పక్కన నడిచింది. "నువ్వు గా కింది పరీక్ష గూడ చేపిచ్చుకుంటివి గదా, నొప్పైతదా?" అని అడిగింది. నొప్పి తక్కువ, సిగ్గు ఎక్కువ అన్నాను. పెద్దగా నవ్వి, నా వీపు మీద ఒకటి చరిచి, ముందుకు వెళ్లిపోయింది.

పెద్దాస్పత్రి మెట్లు

ఫలితం రోజున సుగుణతో నేనే వెళ్లాను. క్యూ బాగా పెద్దది. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ చిన్నపిల్ల, కాగితం చూసి హిందీలో నెమ్మదిగా చెప్పింది. ఇది మామూలు గడ్డ, క్యాన్సర్ కాదు. ఆరు నెలలకి మళ్లీ వచ్చి చూపించుకోవాలి.

బయటికి వచ్చాక సుగుణ ముందు కోప్పడింది. "ఏం లేని దానికా గిన్ని పొద్దులు!" అని డాక్టర్నీ, నన్నూ, గడ్డనీ కలిపి తిట్టింది. మెట్ల మీదికి వచ్చేసరికి కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ కూచుని ఏడ్చాను. దారికి అడ్డమని వాచ్‌మన్ మమ్మల్ని లేపాడు, ఎవరో పోయారనుకుని పాపం గౌరవంగానే లేపాడు. ఏమీ లేదన్నారు బాబూ అని చెప్పాను. అతనికి అర్థం కాలేదు.

చివరి మధ్యాహ్నం

నా బండి సాయంత్రం. వెళ్లేముందు వీడ్కోలు చెబుదామని భేస్తాన్ వెళ్లాం. సుగుణ సర్వపిండి చేసింది, ఉల్లికాడలు, నువ్వులు వేసి కరకరలాడేలా. గల్లీ అంతా పండగలా ఉంది. చిట్టీ మొదలయ్యాక ఆపకూడదట, తర్వాత ఎవరి వంతో చీటీ తీయాలి. పేర్లు రాసి ఖాళీ గమ్ము డబ్బాలో వేశారు. తీసే గౌరవం శారదకిచ్చారు. నాకొద్దంటే నాకొద్దని అందరూ ఒకరినొకరు తోసుకుని నవ్వుతున్నారు.

శారద డబ్బాలో చెయ్యి పెట్టబోయింది. పోశవ్వ తన అరచెయ్యి డబ్బా మీద బోర్లించింది.

"చీటి తియ్యకుండ్రి. గీసారి నాకియ్యుండ్రి."

ఎవరో నవ్వారు. "గుండ్రాయికి ఏం రోగం?"

పోశవ్వ నవ్వలేదు. "బయటుండుడు ఆగి ఏండ్లయింది గదా. పోయిన చలికాలం కాడికెళ్లి మళ్ల నెత్తురు కనవడ్తాంది" అంది, మోకాళ్ల మీది చీర సర్దుకుంటూ.

సుగుణ సర్వపిండి పళ్లెం కింద పెట్టింది. "గన్ని రోజుల సంది ఎందుకు చెప్పలె పోశవ్వా?"

"చెప్తే? నా గుమ్మంల ఎవ్వలు కూసుంటుండ్రి?"

మంగళవారం అది. మర్నాడే ఆరోగ్య కేంద్రంలో చూసే రోజు. నన్ను స్టేషన్లో దింపాల్సిన మా చెల్లెలు ఫోను సంచిలో పడేసి, చెప్పులు విప్పి, పోశవ్వ పక్కన గుమ్మంలో చతికిలబడింది.

"నువ్వు ఆటోలో వెళ్లిపో అక్కా" అంది నా వైపు చూడకుండా. "నేను రేపటికి ఈ పని నేర్చుకోవాలి."

పోశవ్వ దాని చేతిలో గమ్ము ట్యూబు పెట్టింది.